చివరి వరుస కనిపించేదాకా

కళ్ళజోళ్ళాయన ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ ఉందని వీధి వీధంతా చెప్పుకునేది. అందులో దిగిన మనిషిని ఒక్కర్ని చూపించమంటే మాత్రం అందరూ నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. ఆకులు దిగాయి, చీమలు దిగాయి. పక్కింటి పిల్లి ఒకసారి కాలు జారి దిగి, బతుకు జీవుడా అని బయటపడి, మళ్ళీ ఆ గోడ ఎక్కలేదు. మనిషన్నవాడు దిగలేదు. దిగనిస్తే కదా!

అసలా పూల్ ఎందుకు కట్టించాడో ముందు చెప్పాలి, లేకపోతే డబ్బు మదం పట్టినవాడనుకుంటారు. పాపం, అలాంటివాడు కాదు. బజారు మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం, ఓ ఇల్లు, భార్య, భార్యని కన్న తల్లి, అంతే ఆయన లోకం. భార్యకి మోకాళ్ళు పట్టేశాయి. మేడ మెట్లెక్కాలంటే రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టు దగ్గరా ఆగేది. డాక్టరు ఎక్స్‌రే లైటుకెత్తి చూసి, "రోజూ నడుం లోతు నీళ్ళలో నడవాలమ్మా. నీళ్ళు నీ బరువు మోస్తాయి, మోకాళ్ళు తేలికపడతాయి. నడవలేదనుకో, ఇక ఆపరేషనే" అనేశాడు. ఆవిడకి సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి, ఇక కత్తా! ఆ సాయంత్రం మెట్ల మీదే కూర్చుని, మొహం చేతుల్లో దాచుకుని ఏడుస్తుంటే కళ్ళజోళ్ళాయన చూశాడు. చూసి తట్టుకోలేకపోయాడు. కారు కోసం దాచుకున్నదంతా తీసి పెరట్లో గొయ్యి తవ్వించాడు. పెళ్ళాం మీద అంత ప్రేమ ఆ మనిషికి. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే కాసేపట్లో మీకు ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపిస్తుంది.

పూల్ పూర్తయింది. నీలం రంగు టైల్సు, ఓ పక్క నడుం లోతు, రెండో పక్క నిలువెత్తు లోతు, దిగటానికి స్టీలు కమ్మీల మెట్లు. ట్యాంకర్లు వచ్చి నీళ్ళు నింపి వెళ్ళాయి. ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని, సంబరంగా మెట్ల దగ్గరికి వచ్చింది.

"ఆగు," అన్నాడాయన. "నీళ్ళింకా తేటపడలేదు."

అదిగో, అక్కడ పట్టుకుంది.

మామూలు మనిషయితే నీళ్ళలోకి తొంగిచూసి, బాగున్నాయనుకుంటే దిగుతాడు, లేదంటే మానేస్తాడు. ఈయన జీవితమంతా అద్దాలు తుడిచినవాడు. గాజు మీద వేలిముద్ర కనపడితే ఆ పూట తిండి సయించదు. తేట అంటే నోటిమాట కాదు, కొలవాలన్నాడు. కొలవటానికి ఆయనకి తెలిసింది ఒక్కటే, కళ్ళు పరీక్షించే చార్టు. పైన గుమ్మడికాయంత అక్షరం ఉండి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవై, చివరి వరుసలో ఆవగింజలైపోతాయే, ఆ చార్టు. దుకాణంలోది ఆయనకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. అందుకని బోర్డులు రాసే పెయింటరుకి ఓ రేకు ఇచ్చి, "నీకు తోచిన అక్షరాలు రాయి, నాకు మాత్రం చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నాడు. కాగితంలో చుట్టి తెచ్చిన రేకుని, కళ్ళు గట్టిగా మూసుకుని విప్పి, లోతు పక్కన నీళ్ళలోకి జారవిడిచాడు. అది అడుగున గోడకి ఆనుకుని వాలుగా నిలబడింది. దుకాణంలోంచి గుండ్రటి స్టూలు తెచ్చి ఎదురు గట్టు మీద వేసుకున్నాడు. దుకాణంలో కుర్చీకీ చార్టుకీ ఎంత దూరమో ఇక్కడా అంతే దూరం.

"చివరి వరుస చదవగలిగిన రోజు నువ్వు దిగొచ్చు," అని భార్యకి మాటిచ్చాడు.

పంపు ఆపించాడు. నీళ్ళు కదలకూడదని అందర్నీ గట్టుకి దూరంగా నిలబెట్టి, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకోమన్నాడు. అత్తగారికి తుమ్ము వస్తే ఇంట్లోకి వెళ్ళి తుమ్మి రమ్మన్నాడు. కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టాడు. పై రెండు వరుసలు గడగడా చదివేశాడు. మూడోది తడబడుతూ చదివాడు. నాలుగో వరుసలో ఒకదాన్ని 'బ' అన్నాడు, కాదు 'ఒ' అన్నాడు, ఏదో గుండ్రంగా ఉందన్నాడు. చివరి వరుస బూడిదతో గీసిన గీతలా ఉంది.

"చూశావా? మసక!" అన్నాడు, పందెం గెలిచినట్టు.

"నాకు కనిపిస్తోందండీ," అంది ఆవిడ వెనకనుంచి. "గ, త, ష, మ, ఠ."

"ఊహించి చెబుతున్నావు. దిగాలన్న ఆత్రం నీది. డ్రైవింగ్ లైసెన్సు కోసం వచ్చేవాళ్ళూ ఇంతే, కనపడనిదాన్ని కనపడిందంటారు. కనపడితేనే చెప్పాలి. ఈ విషయంలో నాకు నేర్పకు."

ఆవిడ తువ్వాలు మడిచి లోపల పెట్టేసింది.

ఇక చూడండి, ఆ నీళ్ళకి జరిగిన సేవలు! పొద్దున లేస్తూనే పొడుగు కర్రకి కట్టిన వలతో ఆకులు తీయటం. పంపులోకి చెత్త పోకుండా ఆపే జాలీబుట్ట విప్పి కడగటం. బ్రష్షుతో గోడలు రుద్దటం. వాక్యూమ్ గొట్టంతో అడుగంతా ఊడవటం. తరవాత చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగుని కార్డు మీది రంగులతో పోల్చి క్లోరిన్ ఎక్కువో తక్కువో తేల్చటం. అది పసుపో నారింజో ఆయనకి ఎప్పుడూ తేలేది కాదు. తక్కువైందని క్లోరిన్ పోసేవాడు, ఎక్కువైందని దాన్ని విరగ్గొట్టే మందు పోసేవాడు, ఆ మందు ఎక్కువైందేమోనని మళ్ళీ క్లోరిన్ పోసేవాడు. ఆ నీళ్ళకే గనక నోరుంటే పోలీసులకి ఫోన్ చేసి ఉండేవి.

ఈ మందులన్నీ తెచ్చే పూల్ మెకానిక్‌ని ఇంట్లో సీసాలాయన అనేవాళ్ళు. చంకలో ఒకటి, చేతిలో రెండు సీసాలు లేకుండా ఆయన ఏనాడూ గేటు దాటి రాలేదు. మొదట్లో పాపం నిజమే చెప్పాడు. "నీళ్ళు అద్దంలా ఉన్నాయి సార్, ఇంకేం కావాలి మీకు?" అన్నాడు. కళ్ళజోళ్ళాయన అంతెత్తున లేచాడు. "అద్దం గురించి నాకు చెబుతావా?" అని దులిపేశాడు. ఆ దెబ్బకి సీసాలాయనకి జ్ఞానోదయమైంది. అప్పటినుంచి వచ్చినప్పుడల్లా నీళ్ళలోకి చూసి, నాలుక చప్పరించి, "మీది మొండి కేసు సార్" అని ఇంకో సీసా అంటగట్టి పోయేవాడు. ఫిల్టరులో ఇసుక మార్పించారు. మార్చిన ఇసుక నచ్చక మళ్ళీ మార్పించారు. మోటారు చాలటం లేదని పెద్దది పెట్టించారు. అది తిరుగుతున్నంతసేపూ వంటింట్లో లైటు గుడ్డి దీపమైపోయేది.

ఇంటి సంగతి అడక్కండి. ఫ్రిజ్ తలుపు ఊడొస్తే తాడుతో కట్టారు. సోఫాలో స్ప్రింగు పైకి పొడుచుకొస్తే దాని మీద దిండు వేశారు. తెలియక అక్కడ కూర్చున్న చుట్టాలు తొందరగానే సెలవు తీసుకునేవాళ్ళు. పూల్‌కి మాత్రం కప్పటానికి కొత్త దుప్పటి వచ్చింది, పక్కన గొడుగు వచ్చింది.

అత్తగారు ఈ భాగోతమంతా వరండాలో పడక్కుర్చీలోంచి చూసేది. "మీ ఆయన కట్టించింది పూల్ కాదే అమ్మాయ్, నీ నెత్తిన సవతిని తెచ్చిపెట్టాడు," అంది కూతురితో ఓ రోజు. ఇక ఆ పేరే ఖాయమైపోయింది. "సవతికి స్నానం అయిందా అల్లుడుగారూ?" అని పొద్దున్నే పరామర్శ. "సవతి మందులు తగ్గించకండి, పోతే పోయింది నా పళ్ళసెట్టు, నేను గంజి తాగుతాను," అని సాయంత్రం మరోటి. అల్లుడు వినీ విననట్టు వల తిప్పుకునేవాడు.

అన్నట్టు, ఆ రోజుల్లో ఆయనకి లోకమంతా నాసిరకంగా తయారైనట్టుండేది. పేపరు వాళ్ళు సిరా దగ్గర పీనాసితనం చేస్తున్నారని ఫోన్ చేసి తిట్టాడు. బల్బుల కంపెనీలు మోసం చేస్తున్నాయని ఇంట్లో బల్బులన్నీ మార్పించాడు. పక్క బట్టల దుకాణం ముందుండే పెద్దమనిషికి రోజూ పొద్దున్నే చెయ్యి ఊపి పలకరించి, ఆయన ఎంతకీ బదులు పలకకపోయేసరికి, "ఇంత పొగరు పనికిరాదు" అని పలకరించటం మానేశాడు. ఆ పెద్దమనిషి చొక్కాలు తొడిగి నిలబెట్టిన బొమ్మ. దుకాణానికి వచ్చిన ప్రతివాడితోనూ, "ఏడాదికోసారి కళ్ళు చూపించుకోవాలండీ, అశ్రద్ధ పనికిరాదు" అని చెప్పి పంపే ఈ మహానుభావుడు, తన ముక్కు మీది జోడు ఎప్పటిదో అడిగితే మాత్రం తడుముకుంటాడు.

మరి ఆవిడ మోకాళ్ళో? కొన్నాళ్ళు ఎదురుచూసింది. ఆ తరవాత కుట్టు క్లాసులో చేరానంది. పొద్దున్నే సంచీ తగిలించుకుని బస్సెక్కేది, తడి జుట్టుతో తిరిగొచ్చేది. ఆ క్లాసునుంచి ఒక్క జేబురుమాలు ఇంటికి వస్తే ఒట్టు. ఓసారి కళ్ళజోళ్ళాయన ఆవిడ పక్కనుంచి వెళ్తూ, "ఏమిటీ, క్లోరిన్ వాసనేస్తోంది?" అని ముక్కెగరేశాడు. వెంటనే తన అరచేతులు వాసన చూసుకుని, "ఓహో, నా చేతులే" అని సరిపెట్టుకున్నాడు. అత్తగారు పేపరు అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది.

ఉండగా ఉండగా ఆవిడ రైలింగు వదిలేసి మెట్లు చకచకా ఎక్కటం మొదలెట్టింది.

"చూశావా!" అని పొంగిపోయాడు మొగుడు. "దిగకముందే గుణం కనిపిస్తోంది. నీళ్ళ మీది గాలి తగిలితేనే ఇలా ఉంటే, దిగితే ఇంకెలా ఉంటుందో!"

ఆవిడ ఆయన వంక ఎగాదిగా చూసి, "అవునండీ, ఇంకెలా ఉంటుందో" అని లోపలికి వెళ్ళిపోయింది.

అలాగే సాగిపోయేదే. కానీ ఆ కుట్టు క్లాసు మూతబడింది. పైకప్పు కారుతోందట, రిపేరట, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో తెలియదట. గుడ్డలు కుట్టే చోట పైకప్పు కారితే పెళ్ళాం ఇంత దిగాలుగా ఎందుకుందో కళ్ళజోళ్ళాయనకి అర్థం కాలేదు. చూస్తుండగానే మోకాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. రైలింగు మళ్ళీ చేతికొచ్చింది. తల్లిని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికెళ్తే, ఆయన చిరాకుపడ్డాడు. "బాగా కుదుటపడుతున్న మనిషివి, ఎందుకు మానేశావమ్మా? ఈ వారంలో మళ్ళీ నీళ్ళలో దిగు. లేదంటే ఆపరేషనుకి తేదీ ఇచ్చేస్తాను," అన్నాడు.

ఇంటికొస్తూనే ఆవిడ మొగుడి ముందు నిలబడి, ఈ వారంలో నీళ్ళలో దిగకపోతే ఆపరేషనేనట అని చెప్పింది. "నేనిక ఆగలేను. దిగుతాను," అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. "నేనూ అదే చెప్పబోతున్నా! ఇక నాన్చేది లేదు. రేపు నీళ్ళన్నీ తోడించేస్తున్నా. టైల్సన్నీ పీకించి కొత్తవి వేయించి, మళ్ళీ నింపిస్తా. రెండు మూడు నెలల్లో చూడు, చివరి వరుస ఎలా మెరిసిపోతుందో!"

"నెలలా? ఆలోగా నన్ను కోసేస్తారండీ!"

"అందుకేగా ఇంత తాపత్రయం! నా భార్య కాలు పెట్టే నీళ్ళు ఎలా ఉండాలి? మడ్డినీళ్ళలో దింపుతానా నిన్ను?"

ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. అందుకే ఆవిడకి కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది.

మర్నాడు సీసాలాయన నీళ్ళు తోడే మోటారుతో, ఏనుగు తొండమంత గొట్టంతో దిగాడు. కళ్ళజోళ్ళాయన న్యాయం తప్పనివాడు కదా, "ఉండు, చివరిసారి చూస్తాను. చదవగలిగితే తోడొద్దు" అని స్టూలెక్కాడు. గాలి లేదు, ఎండ తెల్లగా కాస్తోంది, నీళ్ళు మెదలటం లేదు. పై రెండు వరుసలు చదివాడు. మూడోది సాగదీశాడు. చివరిది అదే బూడిద గీత.

"లాభం లేదు. గొట్టం వెయ్యి," అన్నాడు.

"వేస్తే ఊరుకోను!"

అందరూ వెనక్కి తిరిగారు. వరండా మెట్లు దిగి ఆవిడ వస్తోంది. ఒంటి మీద ఈతదుస్తులు, తల మీద రబ్బరు టోపీ, నుదుటి మీద నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలు. ఆ కళ్ళద్దాలు తన దుకాణంలోవి కావని కళ్ళజోళ్ళాయన టక్కున పసిగట్టాడు. మిగతాదంతా బుర్రకెక్కటానికి కొంచెం టైము పట్టింది. ఈలోగా ఆవిడ కమ్మీ పట్టుకుని, మూలుగుతూ, ఒక్కో మెట్టే దిగి నడుం లోతు నీళ్ళలో నిలబడింది.

"అయ్యో, నీళ్ళు! కదిలించకు!" అని కేక పెట్టాడు మొగుడు. ఆవిడ తిరిగి చూడకుండా రెండో పక్కకి సాగిపోయింది. ఆయన గొంతు మారిపోయింది. "ఒసేయ్, అటు లోతు! అటు లోతే! మునిగిపోతావ్!" నీళ్ళ సంగతి, తేట సంగతి అన్నీ మరిచిపోయి, ఈత రాని ఆ మనిషి బూటుతో సహా ఓ కాలు నీళ్ళలో పెట్టేశాడు.

ఆవిడ మునగలేదు. మెట్ల మీద కుంటే మనిషి, నీళ్ళని చేతులతో పక్కకి తోసుకుంటూ హాయిగా వెళ్ళింది. లోతు పక్కకి చేరి, బుడుంగున తల ముంచి, రేకు పట్టుకుని పైకి వచ్చింది.

"నీకు ఈత ఎప్పుడొచ్చింది?" అన్నాడాయన, బూటు కాలు నీళ్ళలోనే ఉంచి.

"మీ నీళ్ళు తేటపడేలోపు నేర్చుకున్నాను."

"మరి కుట్టు క్లాసు?"

"కుట్టూ లేదు గిట్టూ లేదు," అంది అత్తగారు పడక్కుర్చీలోంచి లేచి మరీ. ఆవిడ గొంతులో ఈసారి వెటకారం లేదు. "మునిసిపాలిటీ పూల్‌కి బస్సులో పోయి, టిక్కెట్టు కొనుక్కుని, ముక్కూమొహం తెలియని జనం మధ్య నడిచిందయ్యా నా కూతురు. ఇంట్లో ఇంత పూల్ పెట్టుకుని!"

భార్య గట్టెక్కి, లోతు పక్కనే, పొడి నేల మీద, పూలకుండీకి రేకుని ఆనించి నిలబెట్టింది. చేత్తో తడి తుడిచింది.

"స్టూలెక్కండి," అంది. "ఇప్పుడు చదవండి. మధ్యలో నీళ్ళు లేవు."

ఆయన బుద్ధిమంతుడిలా ఎక్కి కూర్చున్నాడు. పై రెండు వరుసలు గడగడా వచ్చాయి. మూడోది తడబడింది. నాలుగోది గుండ్రంగా ఉంది. చివరి వరుస దగ్గర ఆగిపోయాడు. జోడు తీసి చొక్కాతో తుడిచి పెట్టుకున్నాడు. ముందుకి వంగాడు, వెనక్కి వాలాడు. ఎండలో, ఎదురుగా, పొడిపొడిగా ఉన్న రేకు మీద అదే బూడిద గీత.

ఆయన బూటులోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అల్లుడుగారూ," అంది అత్తగారు, తేరుకుని, "గాలి కూడా మసకబారినట్టుంది. ఏమయ్యా సీసాలాయనా, గాలిలో పోసే మందేమైనా తెచ్చావా?"

సీసాలాయన అలవాటు కొద్దీ సంచీలో చెయ్యి పెట్టి, కళ్ళజోళ్ళాయన మొహం చూసి, మెల్లగా తీసేశాడు.

సిగ్గుతో చచ్చిపోయాడా మనిషి. కళ్ళు పాడైనందుక్కాదు, పాడవకుండా ఎవరికుంటాయి గనక! ఇన్నాళ్ళూ పెళ్ళాం తడి జుట్టుతో బస్సులో వేలాడుతూ రావటం కళ్ళముందుకొచ్చింది.

"నాకు చెప్పొచ్చుగా," అన్నాడు ఎలాగో.

"చెప్పాను కదండీ, మొదటిరోజే. గ, త, ష, మ, ఠ అని."

ఆయన తల దించుకున్నాడు. సీసాలాయన గొట్టం చుట్టుకుని చడీచప్పుడు లేకుండా గేటు దాటాడు.

ఆ మధ్యాహ్నమే దుకాణంలో కస్టమర్లు కూర్చునే కుర్చీలో కళ్ళజోళ్ళాయన కూర్చున్నాడు. పక్కన నిలబడి ఆవిడ అద్దాలు మార్చింది. ఇన్నేళ్ళు ఆ పని చూస్తూనే ఉంది కదా.

"ఇది బాగుందా? ఇదా?"

"రెండోది... కాదు, మొదటిదేమో..."

"ఊహించి చెప్పకండి. కనపడితేనే చెప్పాలి," అంది ఆవిడ, అచ్చం ఆయన గొంతుతో. ఆయన నోరు మూసుకుని, కనపడినవే చెప్పాడు. అద్దం మీద అద్దం ఎక్కుతూనే పోయింది.

కొత్త జోడుతో వీధిలోకి వచ్చేసరికి ఎండ మొహాన కొట్టినట్టయింది. బట్టల దుకాణం ముందు కాసేపు నిలబడి, "ఇన్నాళ్ళూ అలిగింది వీడి మీదా!" అని గొణుక్కున్నాడు. ఇంటికి పోతే ఫ్రిజ్ తాడు కనిపించింది. సోఫా స్ప్రింగు కనిపించింది. పెరట్లోకి పోతే, రేకు మళ్ళీ నీళ్ళ అడుగున ఉంది. తన పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆవిడే ముందుగా వెళ్ళి దాన్ని అక్కడ పెట్టొచ్చింది. స్టూలెక్కి చూశాడు. గ. త. ష. మ. ఠ. ఒక్కోటీ ముత్యంలా ఉంది. నీళ్ళసలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి.

"దిగు," అన్నాడు. "ఇప్పుడే దిగు."

ఆవిడ దిగి, ఈ గోడ నుంచి ఆ గోడకి నింపాదిగా నడవటం మొదలెట్టింది. ఆయన మురిసిపోతూ చూశాడు. కాసేపే లెండి! కొత్త జోడు ఊరుకుంటుందా? నాలుగో టైలు అతుకులో నల్లటి చుక్క కనిపించింది. మెట్ల దగ్గర వెల్లకిలా పడ్డ చీమ కనిపించింది. ఆవిడ మోచేతి పక్కన ఓ ఎండుటాకు తునక తేలుతోంది. ఆయన చెయ్యి దానంతటదే వల కర్ర మీదికి పోయింది.

"కాస్త అలా ఆగు, నీ పక్కనే..."

"కర్ర కింద పెట్టండి," అంది ఆవిడ నడక ఆపకుండా. "ఆ కళ్ళజోడు కూడా తీసి స్టూలు మీద పెట్టండి."

"తీస్తే ఏమీ కనపడదే!"

"అందుకే తీయమంటున్నా. తీసేసి దిగండి."

ఆయన కర్ర పెట్టాడు. కాసేపు తటపటాయించి జోడు కూడా తీసి పెట్టాడు. చీమ పోయింది, ఆకు పోయింది, అక్షరాలన్నీ పోయాయి. ఎదురుగా నీలం రంగు, దాని మధ్యలో పెళ్ళాం ఆకారం మిగిలాయి. కమ్మీ కోసం చేత్తో తడుముకుంటూ మొదటి మెట్టు మీద నిలబడ్డాడు.

"ఏమేవ్, నాకు ఈత రాదు."

"నాకొచ్చుగా," అంది ఆవిడ, చెయ్యి చాపి.